మూత్రంలో టీబీ ఆనవాళ్లు: మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

పోయిన సంచికలో ఒక చిన్న వార్త వేశాం. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్నవాళ్ల మూత్రంలో ఆ బాక్టీరియా తాలూకు ప్రోటీన్ ముక్కల్ని సైంటిస్టులు వెతుకుతున్నారని, అవి సరిగ్గా దొరికితే తెమడ లేకుండానే జబ్బు తేల్చొచ్చని. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలా! కొంతమంది అయితే రేపే వెళ్లి చేయించుకునేలా ఉన్నారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి, పేర్లు తీసేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. నెలన్నర నుంచి దగ్గు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది, బాగా చిక్కిపోయారు. టీబీ అనుమానంగా ఉంది తెమడ తెచ్చివ్వమన్నారు. ఆయనది పొడి దగ్గు, ఎంత దగ్గినా ఉమ్మే వస్తోంది, ల్యాబ్ వాళ్లు ఇది పనికిరాదని వెనక్కి పంపేశారు. మీ వార్త చదివాక ప్రాణం లేచొచ్చింది. ఆ యూరిన్ టెస్టు నాన్నగారికి చేయించొచ్చా?

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూద్దాం, సైన్స్ తర్వాత. మూత్రంలో టీబీ ప్రోటీన్లు వెతికే టెస్టు ఇంకా రీసెర్చ్ ల్యాబుల్లోనే ఉంది, డాక్టర్ చీటీ రాస్తే చేసేది కాదు. మూత్రంతో చేసే టీబీ స్ట్రిప్ టెస్టు ఒకటి నిజంగానే వాడకంలో ఉంది కానీ అది పట్టుకునేది ప్రోటీన్‌ని కాదు, బాక్టీరియా గోడలో ఉండే ల్యామ్ అనే వేరే పదార్థాన్ని, అది కూడా హెచ్ఐవీ ఉన్నవాళ్లకే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నాన్నగారికి హెచ్ఐవీ లేకపోతే ఆ స్ట్రిప్ వల్ల ఒరిగేదేం లేదు, నెగెటివ్ వస్తే అనవసరంగా ధైర్యం తెచ్చుకుని ఇంకో నెల ఆగిపోతారు, అదీ ప్రమాదం.

కాబట్టి తెమడ దగ్గరే ఇంకోసారి గట్టిగా ప్రయత్నించండి. పొద్దున లేవగానే, నోరు మామూలు నీళ్లతో పుక్కిలించి, కూర్చుని రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి కాసేపు ఆపి, అప్పుడు అడుగునుంచి దగ్గమనండి. రాత్రంతా ఊపిరితిత్తుల్లో చేరింది పొద్దున్నే బాగా వస్తుంది. గాలి ఆడే చోట, పక్కన ఎవరూ లేకుండా చేయాలి. అప్పటికీ రాకపోతే ఉప్పు నీళ్లు నెబ్యులైజర్‌లో పెట్టి పీల్పిస్తారు, దానికి పొడి దగ్గువాళ్లక్కూడా చాలాసార్లు తెమడ వస్తుంది, అదీ కాకపోతే బ్రాంకోస్కోపీ అని సన్నటి గొట్టం వేసి ఊపిరితిత్తి లోపల కడిగి ఆ నీళ్లు తీస్తారు. ఛాతీ ఎక్స్‌రే ఈలోపు ఎలాగూ తీయించాలి. వచ్చింది కొంచెమే అయితే దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టడంతో సరిపెట్టకుండా క్రిమి డీఎన్ఏని వెతికే మాలిక్యులర్ టెస్టుకి, అంటే జీన్ ఎక్స్‌పర్ట్ లాంటిదానికి, పంపమని అడగండి. మైక్రోస్కోప్‌లో కనబడాలంటే ఒక మిల్లీలీటర్ తెమడలో 5,000 నుంచి 10,000 క్రిములుండాలి, జీన్ ఎక్స్‌పర్ట్‌లో కొత్తరకం, అల్ట్రా అంటారు, దానికి పదహారు ఇరవై ఉన్నా చాలు, పైగా రెండు గంటల్లోపే రిపోర్టు, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా అందులోనే తెలిసిపోతుంది. కల్చర్, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటం, ఇంకా తక్కువ క్రిముల్ని కూడా పట్టేస్తుంది గానీ వారాలు పడుతుంది.

మరి ఇన్ని ఉండగా సైంటిస్టులు మూత్రం వెంట ఎందుకు పడ్డారంటారా, నాన్నగారి లాంటివాళ్ల కోసమే. 2023లో ప్రపంచంలో కోటీ ఎనిమిది లక్షల మందికి టీబీ వచ్చిందని అంచనా, అందులో కొత్తగా నిర్ధారణ అయి లెక్కలోకి వచ్చింది 82 లక్షల మంది. మిగతా 26 లక్షల మంది తెమడ ఇవ్వలేకే మిగిలిపోయారని అనను, చాలామంది అసలు టెస్టు దాకా రాలేదు. కానీ పిల్లలు, ముసలివాళ్లు, హెచ్ఐవీతో బాగా నీరసించినవాళ్లు, ఊపిరితిత్తుల్లో కాకుండా ఇంకెక్కడో టీబీ ఉన్నవాళ్లు, వీళ్లలో చాలామందికి తెమడ రాదు, మూత్రం మాత్రం అందరికీ వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది, దాన్ని పట్టేటప్పుడు ఎవరూ దగ్గక్కర్లేదు కాబట్టి శాంపిల్ తీసే నర్సుకి గాలి ద్వారా అంటుకునే భయం ఉండదు.

ప్రశ్న: మేడమ్, మామూలు చెకప్‌లో నా యూరిన్ రిపోర్టులో ప్రోటీన్ 1+ అని వచ్చింది. మీ వార్త చూశాక నాకు నిద్ర పట్టట్లేదు. అది టీబీ ప్రోటీనేనా?

జవాబు: కాదండీ, హాయిగా పడుకోండి. ఆ రిపోర్టులో ఉన్నది మీ సొంత ప్రోటీన్, ఎక్కువభాగం ఆల్బుమిన్. జ్వరమొచ్చినా, బాగా కష్టపడి వ్యాయామం చేసినా, నీళ్లు తక్కువ తాగినా ఒకోసారి ఆ ప్లస్ కనబడుతుంది. బాక్టీరియా ప్రోటీన్ ఎంత తక్కువ ఉంటుందంటే ఆ రంగు మారే స్ట్రిప్‌కి అది కలలో కూడా తెలీదు. కాకపోతే ఆ 1+ ని అలా వదిలేయకుండా కొన్ని రోజులాగి మళ్లీ ఒకసారి చేయించండి, అప్పుడూ ఉంటే బీపీ, షుగర్, కిడ్నీ సంగతి చూపించుకోండి. దానికీ టీబీకీ ముడిపెట్టకండి.

ప్రశ్న: నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను. క్రిమి ఉండేది ఊపిరితిత్తిలో, దాని ప్రోటీన్ మూత్రంలోకి ఎలా వస్తుంది మేడమ్? వచ్చినా అంత మనిషి ప్రోటీన్ మధ్యలో దాన్ని ఎలా గుర్తుపడతారు? కొంచెం వివరంగా చెప్పండి, మా క్లాసులో దీని మీద పెద్ద గొడవే జరిగింది.

జవాబు: ఈ ఉత్తరం చూసి నాకు భలే సంతోషమేసింది, అందుకే దీనికి ఎక్కువ జాగా తీసుకుంటున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

టీబీ బాక్టీరియా ఊరికే కూర్చోదు. బతికున్నప్పుడు కొన్ని ప్రోటీన్లని బయటికి వదులుతూ ఉంటుంది, చచ్చాక దాని గోడ ముక్కలు ముక్కలై అవీ బయటపడతాయి. ఇవన్నీ రక్తంలో కలుస్తాయి. రక్తం కిడ్నీకి వెళ్తుంది, అక్కడ ఉన్న ఫిల్టర్ జల్లెడలాగా చిన్నవాటిని వదిలి పెద్దవాటిని ఆపేస్తుంది. ఆల్బుమిన్ సైజు 66 కిలోడాల్టన్లు (అణువుల బరువుకి కొలత), దాదాపు అక్కడే గీత, అంతకన్నా పెద్దవి ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ గుండా పెద్దగా దిగవు. టీబీ మీద పనిచేసేవాళ్లు ఎప్పుడూ చెప్పుకునే రెండు ప్రోటీన్లున్నాయి, ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అని, ఇవి రెండూ చాలా చిన్నవి, పది కిలోడాల్టన్ల దగ్గర్లోనే. సైజు ప్రకారం చూస్తే సులువుగా దిగిపోవాలి. దిగుతాయి కూడా, కానీ అసలు చిక్కు ఆ తర్వాతే, ఫిల్టర్ దాటిన చిన్న ప్రోటీన్లని కిడ్నీ గొట్టాలు మళ్లీ లాగేసుకుని విరిచేస్తాయి, వృథా పోనివ్వవు. అందుకని చివరికి మూత్రంలో మిగిలేది చాలామటుకు పూర్తి ప్రోటీన్ కాదు, దాని ముక్కలు, పెప్టైడ్లు. మీ క్లాసులో ప్రోటీన్ అలాగే చెక్కుచెదరకుండా వచ్చేస్తుందని వాదించినవాళ్లకి ఇది చెప్పండి.

ఇక గుర్తుపట్టడం. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో కూడా రోజుకి 150 మిల్లీగ్రాముల లోపు ప్రోటీన్ పోతుంటుంది, అందులో కిడ్నీ తనే తయారుచేసే యూరోమోడ్యులిన్ ఎక్కువ. బాక్టీరియాది ఉంటే నానోగ్రాముల్లో, పికోగ్రాముల్లో ఉంటుంది. ఒక మిల్లీగ్రాము అంటే వంద కోట్ల పికోగ్రాములు, ఇప్పుడు ఊహించుకోండి. అందుకని ముందు కావలసినదాన్ని పోగుచేయాలి, ఆ తర్వాతే కొలత. అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్లు దీనికి ఒక మంచి ఉపాయం పట్టారు, మెత్తటి జెల్‌తో నానో సైజు కణాలు చేసి వాటి లోపల ఒక రంగు పదార్థాన్ని ఎరలాగా పెట్టారు, మూత్రంలో వేస్తే కావలసిన అణువు లోపలికి వెళ్లి రంగుకి అతుక్కుపోతుంది, పెద్ద ప్రోటీన్లు జెల్ సందుల్లోంచి దూరలేవు. తర్వాత ఆ కణాల్ని వేరుచేసి, పట్టుకున్నదాన్ని కొంచెం ద్రవంలోకి దింపితే చిక్కగా అయిపోతుంది. టిక్ (పిడుదు) కాటు వల్ల వచ్చే లైమ్ జబ్బు బాక్టీరియా ప్రోటీన్ ఒకదాన్ని వీళ్లు ఇలాగే మూత్రంలో పట్టారు. టీబీలో 2017లో పెరూకి చెందిన, హెచ్ఐవీ లేని 48 మంది పేషెంట్ల మూత్రం మీద చేసి చూస్తే 95 శాతం పైనే రోగుల్ని పట్టుకోగలిగారు, కాకపోతే అక్కడ వాళ్లు వెతికింది ల్యామ్‌ని. జబ్బు ముదిరినవాళ్లలో ఎక్కువ కనబడింది. వినడానికి అద్భుతంగా ఉంది, నాకూ అలాగే అనిపించింది, కానీ 48 మంది మీద వచ్చిన శాతం చూసి ఎగరకూడదు, పెద్ద సంఖ్యలో, వేరే వేరే చోట్ల, టీబీ కాకుండా వేరే ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ల పక్కన పెట్టి చూసినప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

ప్రోటీన్ ముక్కల విషయానికొస్తే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. మూత్రంలో ప్రోటీన్లని ట్రిప్సిన్ అనే ఎంజైముతో కోసి, వచ్చిన ప్రతి ముక్క బరువూ తూచి, ఆ బరువు ఏ ప్రోటీన్‌లో ముక్కకి సరిపోతుందో కంప్యూటర్‌లో పోల్చి చూస్తారు. పోల్చడానికి జాబితా ఉండాలిగా, అది 1998లో వచ్చింది, టీబీ బాక్టీరియా జీనోమ్‌ని, అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని, చదివేసిన ఏడాది, 44 లక్షల అక్షరాలు, సుమారు నాలుగు వేల జీన్లు. ఆ జాబితా లేకపోతే ఈ వెతుకులాటే లేదు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది, దొరికిన ముక్క టీబీది మాత్రమే అయ్యుండాలి. దాని చుట్టాలు బోలెడున్నాయి, మట్టిలో నీళ్లలో ఉండే మైకోబాక్టీరియాలు, వాటి ప్రోటీన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 మీద అందరికీ అంత మోజు ఎందుకంటే అవి బీసీజీ టీకా బాక్టీరియాలో లేవు, మామూలుగా కనబడే చుట్టాల్లో కూడా చాలావాటిలో లేవు. అన్నిట్లో లేవని కాదు, మైకోబాక్టీరియం కాన్సాసి లాంటివాటిలో ఉన్నాయి. పరీక్షలో రాసేటప్పుడు ఈ మినహాయింపు మర్చిపోకు.

ప్రశ్న: మా తమ్ముడికి హెచ్ఐవీ ఉంది, మందులు మధ్యలో ఆపేశాడు. ఇప్పుడు బాగా నీరసంతో హాస్పిటల్‌లో చేర్చాం. మూత్రంతో ఏదో స్ట్రిప్ టెస్టు చేసి నెగెటివ్ అన్నారు, మళ్లీ తెమడ పంపాలి, స్కాన్ తీయాలి అంటున్నారు. నెగెటివ్ వచ్చాక ఇవన్నీ ఎందుకండీ? మమ్మల్ని తిప్పుతున్నారా?

జవాబు: తిప్పట్లేదమ్మా, వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు. ఆ స్ట్రిప్పే నేను పైన చెప్పిన ల్యామ్ టెస్టు. ల్యామ్ అంటే లైపోఅరాబినోమానన్, బాక్టీరియా గోడలో ఉండే చక్కెర, కొవ్వు కలిసిన పదార్థం. ప్రెగ్నెన్సీ టెస్టు స్ట్రిప్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే, 60 మైక్రోలీటర్ల మూత్రం, అంటే ఒకటి రెండు చుక్కలు వేసి 25 నిమిషాలకి చూస్తే గీత పడుతుంది. కరెంటు అక్కర్లేదు, మెషిన్ అక్కర్లేదు, మంచం పక్కనే చేసేయొచ్చు.

కానీ ఈ స్ట్రిప్ అందర్నీ పట్టుకోదు. లక్షణాలున్న హెచ్ఐవీ పేషెంట్ల మీద చేసిన స్టడీలన్నీ కలిపి చూస్తే నిజంగా టీబీ ఉన్న వందమందిలో సుమారు 42 మందికే గీత పడింది, 58 మందికి నెగెటివ్. అందుకే మీ తమ్ముడి డాక్టర్లు ఆ నెగెటివ్ ని నమ్ముకుని కూర్చోలేదు. అదే పాజిటివ్ వచ్చుంటే వెంటనే మందులు మొదలుపెట్టేవాళ్లు.

అంత తక్కువ పట్టుకునే టెస్టు ఎందుకు వాడటం అని మీకు అనిపించొచ్చు, నాకు మొదట్లో అనిపించింది కూడా. కానీ చాలా నీరసించిన హెచ్ఐవీ పేషెంట్ల విషయంలో టైమే ప్రాణం. ఆఫ్రికాలో దక్షిణాఫ్రికా, టాంజానియా, జాంబియా, జింబాబ్వేల్లో పది హాస్పిటళ్లలో సుమారు 2,500 మంది మీద ట్రయల్ చేశారు, 2016లో ఫలితాలొచ్చాయి, మామూలు టెస్టులు మాత్రమే చేసిన గ్రూపులో ఎనిమిది వారాల్లో 25 శాతం మంది చనిపోతే ఈ స్ట్రిప్ కూడా చేసిన గ్రూపులో 21 శాతం. మందు కొత్తది కాదు, డాక్టర్లు కొత్తవాళ్లు కాదు, జబ్బు సంగతి ముందే తెలిసి ముందే మందు మొదలైంది అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీన్ని కొద్దిమందికే, అంటే సీడీ4 (ఇమ్యూనిటీ ఎంత ఉందో చెప్పే తెల్లకణాల లెక్క) వంద లేదా అంతకన్నా తక్కువున్న హెచ్ఐవీ పేషెంట్లకీ బాగా జబ్బుపడ్డవాళ్లకీ వాడమంది, 2019లో ఇంకొంచెం విస్తరించి హాస్పిటల్‌లో చేరి టీబీ లక్షణాలున్న హెచ్ఐవీ పేషెంట్లందరికీ సీడీ4 తో సంబంధం లేకుండా చేయొచ్చంది.

ఇమ్యూనిటీ పడిపోయినవాళ్లలోనే ఇది బాగా ఎందుకు పనిచేస్తుందంటే వాళ్లలో బాక్టీరియా ఊపిరితిత్తి దాటి ఒళ్లంతా పాకుతుంది, కిడ్నీలోకి కూడా దిగుతుంది, ల్యామ్ దండిగా మూత్రంలోకి వస్తుంది. ఇమ్యూనిటీ బాగున్నవాళ్ల రక్తంలో ల్యామ్ యాంటీబాడీలకీ కొవ్వుని మోసే ప్రోటీన్లకీ అతుక్కుని పెద్దదైపోయి కిడ్నీ ఫిల్టర్ దాటలేదు, అందుకే వాళ్లకి స్ట్రిప్ సరిగా పలకదు. తర్వాత ఫ్యూజిఫిల్మ్ వాళ్లు ఇంకో స్ట్రిప్ చేశారు, ఫొటో ఫిల్మ్ కడిగే రోజుల్లో వెండితో బొమ్మని ముదురు చేసే పద్ధతి ఉండేది కదా, దాన్నే ఇక్కడ పెట్టి గీతని పెద్దది చేశారు (కెమెరా రీళ్ల కాలం పోయిందనుకుంటే ఆ విద్య ఇక్కడ తేలింది!), పాతదాని కన్నా ముప్ఫై రెట్లు తక్కువ ల్యామ్ ఉన్నా పలుకుతుంది. హాస్పిటల్‌లో చేరిన హెచ్ఐవీ పేషెంట్లలో పాతది 42 శాతం పట్టుకుంటే ఇది 70 శాతం పట్టుకుంది. హెచ్ఐవీ లేనివాళ్లలో కూడా సగం మందిని పట్టుకుంది. కానీ ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ ఫలితాలు తేడా వచ్చాయి, దాంతో ఆ ఊపు కొంత తగ్గింది.

మీ తమ్ముడి విషయంలో స్ట్రిప్ పాజిటివ్ వచ్చినా తెమడ పంపాల్సిందే, ఏ మందు పనిచేస్తుందో ఏది పనిచేయదో ల్యామ్ చెప్పలేదు, దానికి మాలిక్యులర్ టెస్టో కల్చరో కావాలి. ఇంకోటి, హెచ్ఐవీ మందులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లనే అడగండి, మీ అంతట మీరు మొదలుపెట్టించకండి.

ప్రశ్న: ఇంత సులువైన టెస్టు వచ్చేస్తుంటే దగ్గున్నా లేకపోయినా జనం అందరికీ చేసేస్తే టీబీ పీడ విరగడవుతుంది కదా?

జవాబు: లెక్క వేసి చూద్దాం రండి. తెమడ అక్కర్లేని టీబీ టెస్టు ఎలా ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో కొన్ని కొలతలు పెట్టింది, కనీసం నూటికి 65 మంది రోగుల్ని పట్టుకోవాలి, జబ్బు లేనివాళ్లలో 98 మందిని లేదని సరిగ్గా చెప్పాలి. అలాంటి మంచి టెస్టే చేతికొచ్చిందనుకుందాం. వెయ్యిమందికి చేశాం, అందులో అయిదుగురికి నిజంగా టీబీ ఉంది. ముగ్గురు దొరుకుతారు. జబ్బు లేని 995 మందిలో రెండు శాతం, అంటే ఇరవై మందికి ఉత్తపుణ్యానికి పాజిటివ్ వస్తుంది. ఇరవై మూడు పాజిటివ్‌లలో అసలు టీబీ ముగ్గురిదే అన్నమాట, మిగతా ఇరవై మంది ఇళ్లలో ఎంత అలజడి! అందుకే ముందు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నవాళ్లని, టీబీ పేషెంట్ ఇంట్లో ఉన్నవాళ్లని వేరు చేసి వాళ్లకే టెస్టు చేస్తారు, అప్పుడు అదే టెస్టు మాటకి విలువ పెరుగుతుంది.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. మా ఆడపడుచుకి టీబీ తేలింది, పాప ఆవిడ దగ్గరే పెరుగుతోంది. ఈ మధ్య పాప బరువు పెరగట్లేదు, దగ్గుతోంది. తెమడ ఎలా ఇస్తుంది, మూత్రం అయితే ఇస్తుంది కదా.

జవాబు: పిల్లల డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి, ఇంట్లో టీబీ ఉందన్న మాట మొట్టమొదట చెప్పండి, పిల్లల్లో సగం నిర్ధారణ ఆ ఒక్క మాటతోనే అవుతుంది. పాపకి హెచ్ఐవీ లేకపోతే మూత్రం స్ట్రిప్ పనికిరాదు. పిల్లలు తెమడని ఉమ్మకుండా మింగేస్తారు, కాబట్టి అది ఎక్కడికి పోతుందో అక్కడ వెతుకుతారు, పొద్దున్నే పరగడుపున సన్నటి గొట్టంతో కడుపులోంచి నీళ్లు తీస్తారు, లేదా ముక్కు వెనక నుంచి తీస్తారు, లేదా మలాన్నే జీన్ ఎక్స్‌పర్ట్‌లో పెడతారు, అవును మలమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న పద్ధతే అది, పాపకి ఏ నొప్పీ ఉండదు. అయితే పిల్లల్లో క్రిములు చాలా తక్కువ, అన్ని టెస్టులూ నెగెటివ్ వచ్చినా ఎక్స్‌రే, లక్షణాలు, ఇంట్లో పేషెంట్ ఉండటం చూసి డాక్టర్ మందులు మొదలుపెట్టొచ్చు. అప్పుడు రిపోర్టు లేదు కదా అని మందు ఆపకండి.

ప్రశ్న: ఒక ల్యాబ్‌లో రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసి పాజిటివ్ అని ఇచ్చారు. మందులు మొదలుపెట్టాలా?

జవాబు: ఆ కాగితం పక్కన పెట్టేయండి. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ తేల్చే టెస్టులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే గట్టిగా చెప్పింది, మనకి తెలిసి ఒక టెస్టుని వాడొద్దు అని వాళ్లు అంత కచ్చితంగా చెప్పడం అరుదు. ఎప్పుడో ఒంట్లోకొచ్చి నిద్రపోతున్న క్రిమి వల్ల కూడా యాంటీబాడీలుంటాయి, జబ్బు ఉన్నా ఒకోసారి కనబడకుండానూ పోతాయి. మూత్రంలో వెతికేది మన శరీరం జవాబుగా తయారుచేసిన యాంటీబాడీని కాదు, క్రిమి సొంత సరుకుని, ఆ ఆశ అంతా దానిమీదే. ఇగ్రా అనే రక్తపరీక్ష ఇంకోటుంది, మంచిదే, ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 చూపిస్తే మన తెల్లకణాలు గుర్తుపడతాయా అని చూస్తుంది, కానీ అది క్రిమి ఒంట్లోకి వచ్చిందా అని చెప్తుంది గానీ ఇప్పుడు జబ్బు ఉందా అనేది చెప్పదు. మీకు లక్షణాలుంటే తెమడ, ఎక్స్‌రే. లేకపోతే డాక్టర్‌తో మాట్లాడకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

ప్రశ్న: టీబీ మాత్రలు మొదలుపెట్టిన రోజు నుంచి మూత్రం ఎర్రగా వస్తోంది. చచ్చిన బాక్టీరియా బయటికి పోతోందా?

జవాబు: పాపం బాక్టీరియాకి అంత రంగు లేదు, అది రిఫాంపిసిన్ మాత్ర రంగు. చెమట, కన్నీళ్లు కూడా నారింజ రంగుకి తిరుగుతాయి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి, మరక పోదు. ఏ హానీ లేదు. అయితే మూత్రం ముదురుగా వస్తూ, కళ్లు పచ్చబడి, వాంతులు, ఆకలి లేకపోవడం ఉంటే అది లివర్ సంగతి, మందు ఆపి ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ల్యామ్ స్ట్రిప్‌తో జబ్బు తగ్గిందో లేదో చూడొచ్చా అని కూడా అడిగారు మీరు, చూడకూడదు, దానికోసం దాన్ని తయారుచేయలేదు.

ప్రశ్న: మూత్రంలో టీబీ అంటే కిడ్నీ టీబీయేనా? శాంపిల్ ఎలా పట్టాలి?

జవాబు: రెండూ వేరు. కిడ్నీ టీబీలో బతికున్న బాక్టీరియాయే మూత్రంలోకి వస్తుంది, మాటిమాటికీ మూత్రం, మంట, రక్తం పడటం ఉంటాయి, చీము కణాలు బోలెడు కనబడినా మామూలు కల్చర్‌లో ఏ క్రిమీ పెరగదు, యాంటీబయాటిక్ వాడినా తగ్గదు. అలా ఉంటే టీబీ కల్చర్‌కి వేకువ మూత్రం మొత్తం, వరసగా కనీసం మూడు రోజులు విడివిడి సీసాల్లో ఇవ్వాలి. మైక్రోస్కోప్ మాట నమ్మొద్దు, బయట చర్మం మీద ఉండే టీబీ చుట్టాలు కూడా అచ్చం అలాగే కనబడతాయి. ల్యామ్ స్ట్రిప్‌కి అంత తతంగం లేదు, శుభ్రంగా కడుక్కుని కొంచెం వదిలాక మధ్యలోది శుభ్రమైన డబ్బాలో పట్టి ఆలస్యం లేకుండా ఇస్తే చాలు. మలం తగలకుండా చూసుకోండి, అందులోని వేరే బాక్టీరియా వల్ల ఉత్తిగీత పడొచ్చు. ఇంకా, స్ట్రిప్‌ని గంటలకొద్దీ వదిలేసి ఆనక చూడటం తప్పు, 25 నిమిషాలకి చూడాలి, 35 దాటాక చూసిందానికి విలువ లేదు.

ప్రశ్న: మా తోడికోడలికి ఊపిరితిత్తుల టీబీ. మూత్రంలో టీబీ ప్రోటీన్లు పోతాయంటున్నారు కదా, మేమంతా ఒకటే బాత్‌రూమ్ వాడుతున్నాం, భయంగా ఉంది.

జవాబు: ప్రోటీన్ ముక్కకి ప్రాణం లేదమ్మా, అది ఎవరికీ అంటుకోదు. ఊపిరితిత్తుల టీబీ వచ్చేది దగ్గినప్పుడు గాల్లోకి వచ్చే క్రిములతోనే, బాత్‌రూమ్ వల్ల కాదు, గిన్నెల వల్ల కాదు, బట్టల వల్ల కాదు. ఆవిడ బాత్‌రూమ్ వేరు చేయడం కన్నా ఆవిడ పడుకునే గది కిటికీలు తెరిచి ఉంచడం, మొదటి వారాల్లో మాస్కు పెట్టుకోవడం, మాత్రలు ఒక్క రోజూ మానకుండా చూడటం, ఇవి చేయండి. మీరందరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలు గానీ, హెచ్ఐవీ ఉన్నవాళ్లు గానీ ఉంటే టీబీ లేదని తేల్చుకున్నాక, ముందుజాగ్రత్త మందు ఇస్తారు, దాని గురించి ఆవిడకి మందులిచ్చే సెంటర్‌లోనే అడగండి.